బ్లాకు ఆసుపత్రా, సిటీలో పెట్ క్లినిక్కా: కొత్త వెటర్నరీ డాక్టరుకి ఏది మేలు?

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బీవీఎస్సీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇంటర్న్‌షిప్ అయ్యే వేళకి అడిగేది ఒకటే. ఓపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) పరీక్ష రాసి వీఏఎస్‌గా, అంటే ప్రభుత్వ వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా, బ్లాకులో చేరాలా, విశాఖలోనో భువనేశ్వర్‌లోనో క్లినిక్‌లో చేరాలా? జీతం, సెలవుల సంగతి ఇంట్లోవాళ్లు ఎలాగూ లెక్కలేసి చెబుతారు. పెళ్లి సంబంధాల్లో గవర్నమెంటుదే గెలుపు, అందులో వాదన లేదు.

నేను చూసేది వేరు. నువ్వు అనుకున్న జబ్బు నిజంగా అదేనా అని తేలే దారి ఆ ఉద్యోగంలో ఉందా లేదా? లేకపోతే ఎన్నేళ్లు చేసినా అవే ఇంజెక్షన్లు వేస్తూ పోవడమే.

ఈ లెక్కన క్లినిక్ పైకి బాగానే కనిపిస్తుంది. కుక్కకి పార్వో వైరస్ జబ్బు అనుమానమొస్తే కిట్ పెట్టి నిమిషాల్లో తేల్చేస్తారు, పెద్ద క్లినిక్ అయితే రక్తపరీక్ష, ఎక్స్‌రే అక్కడే, పక్కన సీనియర్ ఉంటారు. కానీ చాలాచోట్ల కేసు యజమాని డాక్టరుది, సెలైన్ పెట్టడం, టీకాలు వెయ్యడం, ఆపరేషన్‌లో పట్టుకోవడం నీది. కత్తి నీ చేతికి ఎప్పుడొస్తుందో ఆయన మనసుని బట్టి ఉంటుంది. పైగా కుక్క చనిపోతే కోసి చూద్దామంటే ఒప్పుకునేవాళ్లు తక్కువ, కన్నబిడ్డలా పెంచుకున్నారు మరి, వాళ్లనీ ఏమనలేం.

బ్లాకులో మొదటి రోజు నుంచీ కేసు నీదే. అర్ధరాత్రి ఆవు ఈనలేకపోతోందని ఫోనొస్తే పక్కన సీనియరూ ఉండడు, స్కానింగూ ఉండదు. ఆ టెన్షన్ తక్కువేం కాదు, ఒంటరిగా వెళ్లాల్సిన ఆడపిల్లలకైతే ఇంకా ఎక్కువ. అయినా నా ఓటు దీనికే, కారణం పోస్ట్‌మార్టం. ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసమైనా సరే, మందలో వరసగా చస్తున్నాయనైనా సరే, రైతే పిలుస్తాడు. దవడ కింద నీరు దిగిన మేకకి కడుపులో పురుగులే అనుకుని ఫెన్‌బెండజోల్ పోస్తారు, చచ్చాక కోస్తే పిత్తనాళాల నిండా కార్జపు జలగలు, అంటే పొయ్యాల్సింది ఆక్సీక్లోజనైడ్ లాంటి మందు. ఒక్కసారి కళ్లతో చూస్తే మళ్లీ మర్చిపోరు. ఒక్క దొమ్మ (ఆంత్రాక్స్) విషయంలో మాత్రం జాగ్రత్త. మన పక్క కొరాపుట్‌లో అది ఉన్నదే. హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచో వెనక నుంచో గడ్డకట్టని రక్తం కారుతుంటే కత్తి ముట్టొద్దు, గాజుపలక మీద రక్తం స్మియర్ తీసి ల్యాబుకి పంపి, కోయకుండా లోతుగా పూడ్పించాలి.

బ్లాకులో నిజమైన సీనియర్ ఎల్‌ఐ, అంటే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్. హోదాలో కింద ఉన్నా ఏ ఊళ్లో ఏ జబ్బు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలుసు, మర్యాదగా అడిగితే చెబుతాడు, ఆఫీసరు దర్జా చూపిస్తే నోరు విప్పడు. తెలుగూ ఒడియా రెండూ వచ్చి, నాలుగు సవర ముక్కలు కూడా నేర్చుకుంటే జబ్బు కథ సగం రైతు నోటే వినొచ్చు.

మరి ఎదుగుదల? ప్రమోషన్లు సీనియారిటీ మీద, నిదానంగా. ఎస్‌డీవీఓ (సబ్‌డివిజన్ అధికారి), సీడీవీఓ (జిల్లా అధికారి) దాకా వెళ్లేసరికి చేతిలో సిరంజి పోయి ఫైళ్లొస్తాయి. ఇప్పుడే గాలికుంటు టీకాల టార్గెట్లు, చెవి ట్యాగులు, పోర్టల్లో ఎంట్రీలు సగం రోజు తినేస్తున్నాయి. డబ్బు, సొంత పేరు త్వరగా కావాలంటే క్లినిక్కే దారి, అది ఒప్పుకోవాల్సిందే.

మిగతావి: 1962 వ్యాన్ (ఫోన్ చేస్తే ఊరికొచ్చే పశువుల అంబులెన్స్) ఉద్యోగం, పరీక్షకి చదువుకుంటూ చేసుకోవచ్చు. కోళ్ల కంపెనీ, మందుల కంపెనీలంటే తిరుగుడు. ఎంవీఎస్సీ (పీజీ) అయితే, కాలేజీలో పాఠాలు చెప్పాలనుకునేవాళ్లకి. మహారాష్ట్రలోని సిరోంచా వైపు వాళ్లకి ఓపీఎస్సీ బదులు ఆ రాష్ట్రపు ఎంపీఎస్సీ, ఒడియా బదులు మరాఠీ, తక్కిన కథ అదే.

క్లినిక్కే అనుకుంటే చేరేముందు అక్కడి జూనియర్‌ని పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా నువ్వే చూసిన కేసులు ఈ నెల ఎన్ని అని అడగండి. యజమానిని అడిగితే ఎలాగూ మంచిమాటే చెబుతారు.