పాత గోడల కోసం నాలుగేళ్లు వాడిన నికాన్ 35 ఎంఎం లెన్స్

నాలుగేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో 8 వేలకు తీసుకున్నాను, నికాన్ 35 ఎంఎం ఎఫ్/1.8జి డీఎక్స్. నా కెమెరా డీ3300, దాని బాడీలో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి మోటారు లెన్స్‌లోనే ఉండాలి, ఇందులో ఉంది. బరువు 200 గ్రాములు, మెడకు వేసుకుని పొద్దంతా తిరిగినా తెలియదు. కొన్నది మా అక్క పిల్లల ఫోటోలకు, వాడింది మాత్రం పాలమూరు పాత గల్లీల్లో, నారాయణపేటలో, వనపర్తిలో గోడల మీద వెలిసిపోయిన రాతలకు.

ముందే చెప్పేస్తా, పాత ఇల్లు మొత్తం పట్టాలంటే ఇది కొనకండి. 20 అడుగుల ముఖం ఉన్న ఇల్లు ఫ్రేములో నిండా పడాలంటే 30 అడుగులు వెనక్కి పోవాలి, మా గల్లీలు చూస్తే 12 అడుగులు కూడా ఉండవు, ఎదురింటి అరుగెక్కి వీపు గోడకు ఆనించినా దర్వాజ, పైన కమాను, అంతే. దానికి కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ లెన్స్ నయం, 18 దగ్గర పదిహేనడుగులు చాలు. వనపర్తి రాజావారి ప్యాలెస్ (ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ) లాంటి చోట ముందు జాగా ఉంటుంది గనుక దీంతోనే బాగా వచ్చింది. ఇంకోటి, కెమెరా పైకెత్తితే గోడలు లోపలికి వాలిపోతాయి, అందుకే నేను కెమెరా నిటారుగానే పట్టుకుని కింద రోడ్డు ఎక్కువొచ్చినా సరే అని తీసి తర్వాత కత్తిరిస్తాను. దర్వాజ చట్రాలు కొంచెం ఉబ్బినట్టు వంగుతాయి, కెమెరాలోనే సరిచేసుకోవచ్చు.

రాతల దగ్గరికొస్తే మాత్రం దీనికి సాటి లేదు. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య పెడితే సున్నం పెచ్చుల అంచులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. పూర్తిగా తెరిచి 1.8 దగ్గర పెడితే తెల్లగోడ అంచుకు ఊదారంగు గీత వస్తుంది, గోడకు 1.8తో పని కూడా లేదు. ఇన్నేళ్లలో తెలిసింది ఏంటంటే, లెన్స్ కంటే టైమ్ ముఖ్యం. పొద్దున ఆరున్నరకు ఎండ గోడకు పక్కనుంచి పడుతుంది. రంగు పోయినా అక్షరం కింది సున్నం అరగకుండా మిగిలి కొంచెం ఎత్తుగా ఉంటుంది, ఆ వాలు వెలుతురులో దానికి సన్నటి నీడ వచ్చి, మధ్యాహ్నం అసలు కనబడని పేరు చదవొస్తుంది. వాన పడి గోడ తడిసినా అంతే. పైగా ఆ టైమ్‌కు షాపుల ముందు బండ్లుండవు.

ఒకసారి గడియారం దగ్గరి గల్లీలో అలాగే తీస్తుంటే ఒక పెద్దాయన బయటికొచ్చి, "ఏం బిడ్డా, రోడ్డు వెడల్పు చేస్తున్నరా? మార్కు పెట్టనీకొచ్చినవా?" అన్నాడు. లేదు తాతా, పాత అక్షరాలు తీస్తున్నా అంటే నమ్మడే. స్క్రీన్ చూపించాను. "రాణ", దాని కింద "మర్చ", ఆ పక్కన ఉర్దూలో సగం గీత. కళ్లజోడు పైకి జరిపి, "కిరాణ జనరల్ మర్చంట్. మా నాయన రాయించిండు, నేను నిచ్చెన పట్టుకున్న" అన్నాడు.

కష్టం వానాకాలంలో. రెండో ఏడాది లెన్స్ లోపల సాలెగూడు దారాల్లా ఫంగస్ వచ్చింది, ఒక రిపేరు షాపులో ఇస్తే ఫంగస్ తీసి దుమ్ము పెట్టి ఇచ్చారు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. అప్పట్నుంచి గట్టి మూత ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలేసి పెడుతున్నాను, మళ్లీ రాలేదు. మీరు పాతది కొంటే టార్చి వెనకనుంచి కొట్టి చూసి తీసుకోండి. నికాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం) కెమెరాకు మారినా ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ పనిచేస్తుంది.

ఆ పెద్దాయనకు ఫోటో పెద్ద సైజులో ప్రింట్ తీయించి ఇచ్చాను. వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత మసకగ ఉన్నదేంది, జర రంగేయించినంక తీయకపోతివి" అన్నాడు.