చేపల లారీకి ఒక్క డ్రైవరా, ఇద్దరా?

భీమవరం నుంచి హౌరాకు వెయ్యి కిలోమీటర్లకు పైనే. థర్మాకోల్ పెట్టెల్లో ఐసు కరుగుతుంటుంది, సరుకు ఆగదు. అక్కడే ఈ ప్రశ్న వస్తుంది.

ఒక్కడినే పంపితే ఒక జీతం, ఒక బత్తా మిగులుతాయి. కానీ 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం లెక్క రోజుకు 8 గంటలు, వారానికి 48. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటల దాకా. ఐదు గంటలు పని చేస్తే కనీసం అరగంట విరామం, రెండు రోజుల పనికి మధ్య వరుసగా 9 గంటల విశ్రాంతి. ఈ లెక్కన మొదటి రోజు శ్రీకాకుళం దాటడమే గొప్ప. ఒక్కడే త్వరగా చేర్చాలంటే నిద్ర మానాల్సిందే. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా కళ్లు మూతలు పడతాయి. టీ తాగినా, మొహం కడిగినా అది కాసేపే.

ఇద్దరుంటే ఖర్చు ఎక్కువే, బండి మాత్రం ఆగదు. వేరే రాష్ట్రాలకు వెళ్లే నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనను 2018లో తీసేశారు. నా మటుకు అలా తీసేయడం తప్పు. అయితే కదిలే క్యాబిన్లో పడుకున్నది పూర్తి నిద్ర కాదు, హౌరాలో దించాక ఇద్దరికీ రాత్రి విశ్రాంతి ఇవ్వాలి.

రాజమండ్రి, కాకినాడ లోపు ట్రిప్పులకు ఒక్కడు చాలు. ఒడిశా దాటే సరుకుకు ఇద్దర్నే పెట్టండి.