జనఔషధి కేంద్రం: అమ్మ మందుల చీటీకి ఊరట

అమ్మకు చక్కెర, రక్తపోటు రెండూ ఉన్నాయి. నెలనెలా పింఛనులో పెద్ద భాగం మందులకే పోయేది. బ్రాండు పేరు లేని జనరిక్ మందులను చవకగా అమ్మే ప్రభుత్వ పథకపు దుకాణమైన జనఔషధి కేంద్రానికి మారాక మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, అటోర్వాస్టాటిన్ మూడూ బ్రాండు ధరలో సగానికన్నా తక్కువకే వస్తున్నాయి. ‘ఇంత చవక మందు పనిచేస్తుందా?’ అని మొదట్లో అమ్మ ముఖం చిట్లించింది. రక్తపరీక్షలో చక్కెర అదుపులోనే ఉందని తెలిశాక ఆ మాట ఎత్తడం లేదు. మా డాక్టరుగారు మాత్రం ఇప్పటికీ బ్రాండు పేర్లే గీకుతారు, అదీ బ్రహ్మకైనా అర్థంకాని రాతలో! జనఔషధిలో మందు అడగాలంటే దాని రసాయన నామం (మెట్‌ఫార్మిన్ లాంటి అసలు పేరు) రాయమని పట్టుబట్టాల్సిందే. బయల్దేరే ముందు జనఔషధి సుగమ్ యాప్‌లో ధర చూసుకోవచ్చు. క్యాన్సర్ మందులకైతే 2015లో మొదలైన అమృత్ ఫార్మసీల్లో (ఇవీ ప్రభుత్వ పథకం కింద తగ్గింపు ధరకు మందులమ్మే దుకాణాలే) అడగండి. గుండెకు వేసే స్టెంట్లు కూడా అక్కడ తగ్గింపు ధరకు దొరుకుతాయి.