వర్చువల్‌బాక్స్‌లో యోక్టో బిల్డ్: పనికొస్తుందా?

విండోస్ ల్యాప్‌టాప్ వదలకుండా యోక్టో (చిన్న పరికరాల కోసం సొంత లినక్స్ తయారుచేసుకునే సాధనాలు) నేర్చుకోవాలంటే, విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా లినక్స్‌ని నడిపించే వర్చువల్‌బాక్స్ బాగానే పనికొస్తుంది, పైగా ఉచితం. రోజూ ఇదే పనైతే మాత్రం నేరుగా లినక్స్ వేసుకోవడమే మేలు. అందులో ఉబుంటు లినక్స్ పెట్టేటప్పుడు వర్చువల్‌బాక్స్ చూపించే 25 జీబీ డిస్కుకి సరే అనేయకండి, యోక్టోలో కట్టే అతి చిన్న లినక్స్‌కి కోర్-ఇమేజ్-మినిమల్ అని పేరులో మినిమల్ ఉన్నా కంపైలర్ దగ్గర్నుంచి అన్నీ సోర్సు నుంచే కట్టుకుంటుంది కాబట్టి బిల్డ్ ఫోల్డర్ ఉబ్బుతూనే ఉంటుంది; 150 జీబీ ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు, డైనమిక్ డిస్కు వాడినంతే పెరుగుతుంది. ఆ ఫోల్డర్‌ని విండోస్‌తో షేర్ చేసిన చోట పెట్టొద్దు, బిల్డ్‌కి కావాల్సిన హార్డ్ లింకులు (ఒకే ఫైల్‌కి ఇంకో పేరు) అక్కడ పనిచేయవు. ర్యామ్ తక్కువైతే లోకల్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) తగ్గించండి, లేదంటే ఏదో పెద్ద సీ++ ప్యాకేజీ దగ్గర 'కిల్డ్' అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. మొదటి బిల్డ్ నత్తనడకే. రెండోసారి నుంచి, ముందు కట్టినవాటిని దాచిపెట్టే ఎస్‌స్టేట్ కాష్ పుణ్యమా అని చకచకా అయిపోతుంది, దాన్ని మాత్రం చెరపకండి.