పర్లాకిమిడిలో తాతయ్య వాళ్ళ అక్క కోసం: రైలు, లాడ్జి, ఆఫీసులు

ఆంధ్రా సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పాత కుటుంబ వివరాలు వెతకాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట, భూమి కాగితాల కోసం వెళ్తే ఆ తిరుగుడు వేరు, చిన్నప్పుడే పోయిన పిల్ల కోసం వెళ్తే వేరు. మేం వెళ్ళింది మా తాతయ్య వాళ్ళ అక్క కోసం. బళ్ళో వేసిన కొత్తల్లోనే జ్వరమొచ్చి పోయిందట. ఇంట్లో ఉన్న వంశవృక్షంలో అందరూ మగపిల్లలే, ఈవిడ ఊసే లేదు.

విశాఖ నుంచి గుణుపూర్ పాసింజర్ ఎక్కాం, చవక, నౌపడ దగ్గర మెయిన్ లైన్ వదిలి లోపలికి తిరుగుతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన బుల్లి రైలు దారే ఇది, 2011కల్లా గుణుపూర్ దాకా బ్రాడ్ గేజ్ అయింది. తొందరుంటే టెక్కలి నుంచి పాతపట్నం మీదుగా రోడ్డున రావచ్చు గానీ పెద్దవాళ్ళుంటే రైలే సుఖం.

లాడ్జి బస్టాండ్ దగ్గర దొరికింది, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు మాత్రం అడిగి అడిగి బకెట్‌తో తెప్పించుకోవాలి. పొద్దున్న ఇడ్లీ మీద ఘుగుని (ఒడియావాళ్ళ బఠాణీ కూర) పోసిచ్చారు, మా ఆవిడ మొహం చిట్లించింది, నాకైతే తెగ నచ్చింది. మన భోజనమే కావాలంటే ఆటోలో పాతపట్నం వెళ్ళిపోవడమే, పక్కనే.

బజార్లో తెలుగు హాయిగా చెల్లుతుంది (గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు కదా, ఆ ధైర్యంతోనే నేనూ ఇలా వాడుక భాషలో దంచేస్తున్నా), ఆఫీసుల్లో మాత్రం అప్లికేషన్ ఒడియాలో ఉంటేనే పని కదులుతుంది, బయట రాసిపెట్టేవాళ్ళు ఉంటారు. 1936 ఏప్రిల్ 1 దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా, ఆ రోజు ఒడిశాలో కలిసింది, గజపతి జిల్లా అయింది 1992లో, దాంతో పాత కాగితం ఇక్కడుందో గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురంలో ఉందో మద్రాసు ఎగ్మూర్ ఆర్కైవ్స్‌లో ఉందో తేలడమే సగం పని.

ఒక ఆఫీసులోనైతే వారసుల సర్టిఫికెట్ తెమ్మన్నారు, ఏడేళ్ళ పిల్లకి వారసులెవరండీ! నిజానికి 1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం జనన మరణాల రిజిస్టర్ ఎవరైనా వెతికించుకోవచ్చు, ఫీజు కట్టి నకలు తీసుకోవచ్చు, కాకపోతే చావుకి కారణం మాత్రం ఆ నకల్లో ఇవ్వరు. మాకు కావల్సిందేమో అదే.

పని జరిగింది బళ్ళో. పాత అడ్మిషన్ రిజిస్టర్, తెలుగులో రాసింది, అంచులు చెదలు తిన్నాయి. తండ్రి పేరు, ఊరు, చేరిన తేదీ అన్నీ ఉన్నాయి, బడి మానిన కారణం గడిలో "మరణం" అని ఒక్క మాట. హెడ్‌మాస్టర్ గారు కుర్చీ వేసి టీ తెప్పించి మరీ చూపించారు. ఆ వీధిలోనే ఒక మామ్మగారు "మాయింట్లో చిన్నపిల్లల్ని కాల్చేవోరు కాదు బాబూ, ఏటి ఒడ్డున పూడ్చేవోరు" అన్నారు, ఆ ఏరు మహేంద్రతనయ. ఆవిడ చూపించిన వైపు ఇప్పుడన్నీ ఇళ్ళే.

మీరు వెళ్తే పట్టా నంబర్లు పక్కన పెట్టి ముందు బడికి, తర్వాత ఆ వీధి ముసలాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఆదివారం, రథయాత్ర సెలవులు తప్పించుకోండి. రిజిస్టర్ ఫోటో తీసేముందు హెడ్‌మాస్టర్ పేరిట ఒక అర్జీ రాసిచ్చేయండి, ఆయనకీ ఇబ్బంది ఉండదు.