ఎండకాలం క్రోషియా టాప్: బిగువు పక్కల పెట్టాలా, నడుం దగ్గరా, భుజమ్మీదా?

శివరాత్రి దాటి ఎండ ముదరగానే క్రోషియా అల్లేవాళ్ళు అడిగేది ఒకటే. కాటన్ దారంతో చేతుల్లేని టాప్ మొదలుపెడుతున్నాం, మనిషి కాస్త లావైనా సన్నబడినా, అక్క వేసుకున్నా చెల్లె వేసుకున్నా సరిపోవాలంటే బిగువు ఎక్కడ పెట్టుకోవాలి? పక్కల తాళ్ళు కట్టాలా, నడుం దగ్గర ఎలాస్టిక్ ఎక్కించాలా, భుజాల మీద ముడివేసుకునే పట్టీలు పెట్టాలా?

మే నెలలో 45 డిగ్రీల దాకా పోయే నల్లగొండలో, పాలమూరులో వేసుకునే బట్ట కనుక దారం సన్నగా, అల్లిక జాలీగా ఉండాలన్న దాంట్లో పేచీ లేదు. పేచీ అంతా ఈ మూడింటి మధ్యనే. మూడూ పనికొచ్చేవే గానీ మూడూ చేసే పని ఒకటి కాదు.

అడిగేవాళ్ళ మనసులో ఉండేది చుట్టుకొలత. ఛాతీ 34 అయినా 38 అయినా పట్టాలని చూస్తారు. కానీ కాటన్ క్రోషియా వాడేకొద్దీ ముందు మారిపోయేది పొడవు. ఊలు సాగినా మళ్ళీ దగ్గరికొస్తుంది, కాటన్‌కు ఆ గుణం లేదు. జాలీలో ప్రతి కన్నం ఒక చిన్న చదరం. కింది బరువు లాగేకొద్దీ అది నిలువునా సాగి అడ్డంగా ముడుచుకుంటుంది. 4 ప్లై అనే సన్నరకం దారంతో అల్లిన టాప్ పొడిగానే 220 నుంచి 250 గ్రాములు తూగుతుంది, చెమటకు తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. అదంతా వేలాడేది రెండు భుజాల మీద. అందుకే కొన్నాళ్ళు వాడేసరికి మెడ కిందికి జారుతుంది, చంక లోతవుతుంది, అంచు రెండు వేళ్ళు దిగుతుంది, ఛాతీ దగ్గర మాత్రం మునుపటికంటే బిగుతైనట్టు అనిపిస్తుంది. ఉతికితే ముడుచుకుపోయిందని చాలామంది అనుకునేది దీన్నే. టేపు పెట్టి చూస్తే వెడల్పు తగ్గినంతా పొడవులో కనిపిస్తుంది.

కాబట్టి ఏది మేలో తేల్చడానికి చంక చూడాలి. జారిన చంకను మళ్ళీ పైకెత్తగలిగింది ఏదో దానికే నా ఓటు.

ఎలాస్టిక్ సంగతి ముందు చెప్పుకుందాం, ఎక్కువమంది మొదట పోయేది దాని దగ్గరికే. వేసుకోవడం తేలిక, ముళ్ళు విప్పే పని ఉండదు. చివర ఐదు వరసల సింగిల్ క్రోషే (పొట్టిగా, దగ్గరగా వచ్చే కుట్టు) వేసి, లోపలికి మడిచి కుట్టి, 6 మి.మీ. ఎలాస్టిక్‌ను పిన్నీసుకు తగిలించి లంగాకు నాడా ఎక్కించినట్టు ఎక్కిస్తే పని అయిపోతుంది. నడుం కొలత కంటే ఓ 5 సెం.మీ. తక్కువ కోస్తే సరిపోతుంది. ఇక్కడ జరిగేదేమిటంటే, ఎలాస్టిక్ అంచును నడుం దగ్గర పట్టుకుంటుంది. పైన సాగిన అల్లిక పోయే దారి లేక దాని మీద సంచిలా ఉబ్బుతుంది. చంక జారినచోటే ఉంటుంది. పైగా సాగడం వేరు, మనకు కావలసినంతకు సర్దుకోవడం వేరు. ఎలాస్టిక్ మొదటిది చేస్తుంది, రెండోది చేయదు. మడిచిన అల్లిక రెండు పొరలవుతుంది, దాని కింద చెమట నిలిచి నడుం చుట్టూ చెమటకాయలు లేస్తాయి. చెమటకు, ఎండకు రబ్బరు తొందరగా పట్టు వదిలేస్తుంది కూడా. అయినా ఎలాస్టికే పెడతామంటే మడతలో 4 సెం.మీ. నోరు కుట్టకుండా వదలండి, పాతది తీసి కొత్తది ఎక్కించుకోవచ్చు. ఎలాస్టిక్ దారాన్ని చివరి వరసలో కలిపి అల్లే పద్ధతి మాత్రం వద్దు. ఒకచోట తెగితే వరసంతా వదులవుతుంది, దాన్ని మార్చాలంటే అంచు విప్పాల్సిందే.

పక్కల తాళ్ళు దీనికంటే ఎంతో నయం. ముందుదొకటి, వెనకదొకటి, రెండు ముక్కలు విడిగా అల్లి పక్కలు కుట్టకుండా తాడుతో బిగించడమే. గాలి ఆడుతుంది, చుట్టుకొలత నిజంగా చేతిలో ఉంటుంది. ఒక్కో ముక్క 40 సెం.మీ. వెడల్పు అనుకుంటే రెండూ కలిపి 80. ఛాతీ 34 అంగుళాలున్నవాళ్ళకు ఒక్కో పక్క 3 సెం.మీ. సందు వస్తుంది, 38 ఉన్నవాళ్ళకు 8 సెం.మీ. అంతకు మించితే పక్క కిటికీలా తెరుచుకుంటుంది, అలాంటివాళ్ళకు ముక్కలే వెడల్పు చేయాలి. లోపల కాటన్ షిమ్మీ ఎలాగూ వేసుకుంటాం కనుక 8 దాకా ఇబ్బంది లేదు.

మూడు చోట్ల జతలు జతలుగా ముళ్ళు వేసుకునేకంటే చంక నుంచి అంచు దాకా ఒకే తాడును ఇటూ అటూ దాటిస్తూ, బూటు లేసులా ఎక్కించడం మేలు. ముళ్ళు మూడుచోట్లే లాగుతాయి, అక్కడ కన్నాలు ముక్కుల్లా బయటికి పొడుచుకొస్తాయి. లేసు లాగుడును పక్క పొడవునా పంచుతుంది. 32 సెం.మీ. పక్కకు 4 సెం.మీ.కి ఒక దాటు చొప్పున 160 సెం.మీ. తాడు పడుతుంది. తాడు ఎక్కించే ముందు పక్క అంచులకు రెండు వరసల సింగిల్ క్రోషే తప్పనిసరి, ఒక్కో డబుల్ క్రోషే (పొడవాటి కుట్టు) వరస కొసకు రెండు కుట్ల లెక్కన. మూడేసి వేస్తే అంచు అలలు తిరుగుతుంది, ఒక్కొక్కటే వేస్తే పక్క కురచై ముక్క వంకరపోతుంది. ఇంత బాగున్నా చంక పరీక్షలో ఇది సగమే గట్టెక్కుతుంది. తాడు బిగిస్తే చంక కింద బట్ట ఒంటికి దగ్గరవుతుంది గానీ చంక లోతు తగ్గదు.

లోతు తగ్గించేది భుజం ముడి ఒక్కటే. వేలాడే బరువు మొత్తాన్ని పట్టుకున్నచోటే బిగువు ఉంది కనుక, ముడి విప్పి 3 సెం.మీ. పైకి లాగి కడితే మెడ, చంక, అంచు మూడూ ఒకేసారి లేస్తాయి. ఎదిగే ఆడపిల్లలకైతే ఇదే ముడిని ఏటా కాస్త కిందికి వదులుకుంటూ పోవచ్చు.

అల్లే తీరు ఇది. 100 గ్రాములకు 300 మీటర్ల చుట్టుపక్కల వచ్చే 4 ప్లై కాటన్, 3.5 మి.మీ. హుక్. కుట్ల పేర్లు అమెరికా లెక్కలో చెబుతున్నాను, బ్రిటిష్ పద్ధతి పుస్తకం ముందు పెట్టుకున్నవాళ్ళకు ఈ డబుల్ క్రోషే అక్కడ ట్రెబుల్ అవుతుంది. 10 సెం.మీ.లో 20 కుట్లు, 10 వరసలు రావాలి. 84 గొలుసులు 4 మి.మీ. హుక్‌తో వదులుగా వేయండి, మొదటి గొలుసు బిగిస్తే అంచు సన్నబడి టాప్ కూజాలా తయారవుతుంది. తర్వాత 3.5కు మారి, హుక్ నుంచి ఆరో గొలుసులో డబుల్ క్రోషే, ఆపైన ఒక గొలుసు, ఒకటి వదిలి డబుల్ క్రోషే. చివరికి 40 కన్నాలు రావాలి. 32 వరసలు తిన్నగా అల్లి, చంక మొదలయ్యాక ఎనిమిది వరసలు ఒక్కో వైపు ఒక్కో కన్నం తగ్గించాలి. వరస మొదట్లో తొలి కన్నం మీదుగా స్లిప్ స్టిచ్‌లతో (ఎత్తు రాని కుట్లతో) దాటి, చివరి కన్నం అల్లకుండా వదిలేస్తే చాలు. 24 కన్నాలు మిగులుతాయి. వెనక ముక్క కూడా ఇంతే.

అసలు జాగ్రత్త పట్టీ మొదలుపెట్టేచోట. తాడును నేరుగా ఒక మూల కన్నానికి కడితే మొత్తం బరువు ఆ ఒక్క కుట్టు మీద పడి, నాలుగు రోజుల్లో అక్కడ బట్ట చిలకముక్కులా సాగుతుంది, మెడ మధ్యలో కుంగుతుంది. అందుకని పైఅంచుకు 3 మి.మీ. హుక్‌తో మూడు వరసల సింగిల్ క్రోషే గట్టిగా వేయాలి, 24 కన్నాలకు 49 కుట్లు. రెండు కొసల్లో ఆరేసి కుట్ల మీద పట్టీ మొదలుపెట్టి నాలుగు వరసలు అల్లి, నాలుగు కుట్లకు తగ్గించి ఇంకో నాలుగు వరసలు, తర్వాత రెండు కుట్లకు దించి అక్కడి నుంచి తాడు. తాడు ఉత్త గొలుసుగా వదలొద్దు, ఉత్త గొలుసు సాగినంతగా ఇంకేదీ సాగదు. గొలుసు అల్లి వెనక్కి తిరిగి ప్రతి గొలుసు వెనక దారంలో స్లిప్ స్టిచ్ వేసుకుంటూ రండి. పట్టీ, తాడు కలిపి 40 సెం.మీ., మొత్తం నాలుగు కావాలి.

ముడి ఎంత జరుపుకోవాల్సి వస్తుందో ముందే తెలుసుకోవచ్చు. 15 సెం.మీ. చదరపు నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాక కింది అంచుకు నాలుగు స్టీలు చెంచాలు క్లిప్పులతో తగిలించి రాత్రంతా వేలాడదీయండి. తెల్లారి 16 ఉంటే మీ 40 సెం.మీ. ముక్క దాదాపు 43కు పోతుందని లెక్క. అప్పుడు రెండు వరసలు తక్కువే అల్లుకోవచ్చు.

భుజం ముడికీ లోపాలున్నాయి. మెర్సరైజ్డ్ (రసాయనంతో మెరుపు తెచ్చిన) దారం నున్నన, ఉత్త పూముడి జారిపోతుంది, కింద ఒక చిక్కుముడి వేసి పైన పూముడి వేయాలి. బరువైన బ్యాగు తగిలించుకుంటే ముడి భుజంలోకి గుచ్చుకుంటుంది. అలాంటివాళ్ళు ముందు పట్టీలనే పొడుగ్గా అల్లి, వెనక ముక్క పైఅంచు కన్నంలోంచి దూర్చి వీపు మీద ముడివేసుకుంటే సరి. ఇక ఇది చుట్టుకొలతను మార్చదు. ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి వేసుకునే టాప్ అయితే భుజం ముడి, పక్క లేసు రెండూ పెట్టుకోండి, 50 గ్రాముల దారం అదనం. ఒక్కటే పెట్టే ఓపిక ఉందంటే భుజమే.

దారం విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మెర్సరైజ్డ్ కాటన్ ఆకారం కాస్త బాగా నిలుపుకుంటుంది. వెదురు, విస్కోస్ దారాలు ఒంటికి చల్లగానే ఉంటాయి గానీ తడిస్తే బలం తగ్గి అన్నిటికంటే ఎక్కువ సాగుతాయి. ఆక్రిలిక్ చెమట పీల్చదు, మన ఎండకు దండగ. పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గం నూలు పనికొస్తుందా అంటే, 2/20 నెంబరు నూలు నాలుగు పోగులు కలిపితే 100 గ్రాములకు 420 మీటర్ల దాకా వస్తుంది, అంటే పైన చెప్పిన దారం కంటే సన్నం, హుక్ కూడా 3కు దించుకోవాలి. పోగులు మెలితిరిగి ఉండవు కనుక హుక్ మధ్యలో దిగి చీల్చేస్తుంది, మొనదేలని హుక్ వాడాలి. ఇక్కత్‌కు అద్దిన నూలైతే డిజైన్ అంతా చెదిరి చుక్కలు చుక్కలుగా పడుతుంది. అదీ ఒక అందమే.

ఉతికాక తాడు మీద ఆరేయొద్దు. నీళ్ళు పిండకుండా టవల్‌లో చుట్టి ఒత్తి, నీడలో నవారు మంచం మీద పరిచి, చేత్తో అడ్డంగా లాగి 40 సెం.మీ. వెడల్పుకు తెచ్చి వదిలేయాలి. పై నుంచీ కింది నుంచీ గాలి తగిలి తొందరగా ఆరుతుంది, నిలువునా సాగిన కన్నాలు మళ్ళీ చదరానికొస్తాయి. బోరు నీళ్ళ ఉప్పుకు కాటన్ బిరుసెక్కుతుంది, చివరి నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ వేస్తే సబ్బు జిడ్డు వదులుతుంది.

మిగతావి నాలుగు మాటల్లో. మెడ చుట్టూ నాడా చిన్నపిల్లల గౌన్లకు బాగుంటుంది, పెద్దవాళ్ళకు గుత్తులు గుత్తులుగా మెడ దగ్గర బరువు పెంచుతుంది. ముందు గుండీలు జాలీ అల్లికలో నిలవవు, గుండీకీ గుండీకీ మధ్య నోరు తెరుస్తుంది. నారాయణపేట కాటన్ చీర మీదికి జాకెట్‌లా అల్లుకునేవాళ్ళకు మాత్రం వీపు మీద డోరీయే సరి, అది ఎలాగూ పొట్టిగా, ఒంటికి అంటి ఉంటుంది, సాగడానికి అంత బరువు ఉండదు.