కరెంటు పోయి వచ్చాక ఏది లేస్తుంది? డాకర్, పాడ్‌మ్యాన్‌లలో ఏది మేలు?

పోయిన వేసవిలో రెండు వారాల తేడాతో రెండు పనులు నా నెత్తిన పడ్డాయి. ఒకటి అనంతపురం పాతూరులో మా మామ విత్తనాల అంగడి. బిల్లులకు ఒక చిన్న ప్రోగ్రామ్, దాని వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెండూ కంటైనర్లలో నడవాలి. కంటైనర్ అంటే ఒక ప్రోగ్రామ్‌ని దానికి కావలసిన సరంజామాతో సహా విడిగా నడిపే పెట్టె లాంటిది; వాటిని నడిపే సాధనాలే డాకర్, పాడ్‌మ్యాన్. రెండోది ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు. అక్కడ ముప్పై మంది పిల్లలు ఒకే సర్వర్‌లోకి లాగిన్ అయి కంటైనర్లు నేర్చుకోవాలి. రెండు చోట్లా ఉబుంటు 24.04 అనే లైనక్స్. రెంటికీ ఒకే మందు వేద్దామనుకున్నా గానీ కుదరలేదు.

ఇన్‌స్టాల్ చేయడం వరకైతే పాడ్‌మ్యాన్‌తోనే సుఖం. ఉబుంటు సొంత రిపాజిటరీలోనే (ప్రోగ్రామ్‌ల గోదాము) ఉంది కాబట్టి ఆప్ట్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఒక్క లైను చాలు. డాకర్‌కి మూడు దారులున్నాయి: ఉబుంటు ఇచ్చే ప్యాకేజీ, స్నాప్ (ఉబుంటు వాళ్లదే ఇంకో రకం ప్యాకేజీ), డాకర్ కంపెనీ సొంత రిపాజిటరీ. స్నాప్ జోలికి మాత్రం పోకండి. ఉబుంటు సర్వర్ ఎక్కించేటప్పుడు ఒక్క టిక్కుతో వచ్చేస్తుంది కదా అని నేనూ అదే పెట్టా. స్నాప్‌లోని డాకర్‌కి మామూలుగా హోమ్ ఫోల్డర్ దాటి ఫైళ్లు కనబడవు. బ్యాకప్ కోసం పెట్టిన రెండో డిస్కును కంటైనర్‌కి చూపించలేక ఒక మధ్యాహ్నమంతా పోగొట్టుకున్నా. చివరికి దాన్ని పీకేసి కంపెనీ రిపాజిటరీ నుంచి వేసుకున్నా. ప్యాకేజీలు అసలువేనని సరిచూసే కీ దించుకుని, రిపాజిటరీ జతచేసి, ఇన్‌స్టాల్ కొట్టడానికి పది నిమిషాలు పట్టింది. డాకర్ డెస్క్‌టాప్ అని ఇంకోటుంది. లైనక్స్‌లో అది ఒక వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్) లోపల నడుస్తుంది. ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న అంగడి కంప్యూటర్‌కి ఆ బరువెందుకు?

అసలు తేడా ఇన్‌స్టాల్ అయ్యాక మొదలవుతుంది. డాకర్‌లో డీమన్ అనే ప్రోగ్రామ్ ఒకటి రూట్ (మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్) అధికారంతో ఎప్పుడూ వెనకాల నడుస్తుంటుంది. మనం కొట్టే కమాండ్ దానికి చీటీ పంపడం లాంటిదే. ప్రతిసారీ రూట్ అధికారం అడిగే సుడో కమాండ్ కొట్టలేక అందరూ తమ యూజర్‌ని డాకర్ గ్రూపులో చేర్చేస్తారు. అది ఇంటి బీరువా తాళం చేతికివ్వడమే. ఆ గ్రూపులో ఉన్నవాడు మెషీన్ డిస్కు మొత్తాన్ని కంటైనర్‌లోకి మౌంట్ చేసుకుని, లోపల రూట్‌గా కూర్చుని, పాస్‌వర్డ్ల ఫైలైనా మార్చేయగలడు. మూడో సంవత్సరం పిల్లలకు ఈ సంగతి తెలియడానికి ఎన్నాళ్లు పడుతుంది చెప్పండి?

రెడ్‌హ్యాట్ వాళ్లు తెచ్చిన పాడ్‌మ్యాన్‌లో ఆ డీమనే లేదు. ఎవరి కంటైనర్ వాళ్ల పేరు మీదే నడుస్తుంది. లోపల రూట్‌లా కనబడేవాడు బయట మామూలు యూజరే. కంటైనర్ లోపల వాడుకోవడానికి ఒక్కో యూజర్‌కి 65,536 ఐడీలు సబ్‌యూఐడీ అనే ఫైల్లో రాసి ఉంటాయి. డాకర్‌లోనూ ఇలా రూట్ అధికారం లేకుండా నడిపే రూట్‌లెస్ పద్ధతి ఉంది, కానీ ముప్పై మందికీ విడివిడిగా అమర్చాలి. పాడ్‌మ్యాన్‌లో మామూలు పద్ధతే అది. అందుకే ల్యాబుకి పాడ్‌మ్యాన్ అని ఆ రోజే తేల్చేశా.

అలాగని అక్కడ తలనొప్పులు లేకపోలేదు. పాఠాల్లో ఉన్నట్టు ఉత్త ఎన్‌జిన్‌ఎక్స్ (ఒక వెబ్ సర్వర్) అని ఇమేజ్ (కంటైనర్‌కి మూస) పేరు కొడితే, ఎక్కడి నుంచి తేవాలో తెలియక పాడ్‌మ్యాన్ మొరాయిస్తుంది. ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్ చిరునామాతో సహా పూర్తి పేరు ఇవ్వాలి, లేదా రిజిస్ట్రీల (ఇలాంటి ఇమేజ్ నిల్వల) కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను చేర్చాలి. అది చిన్న విషయమే. పెద్దది ఇంకోటుంది. పాడ్‌మ్యాన్ ఇమేజ్‌లను ఎవరి హోమ్ ఫోల్డర్లో వాళ్లకి వేరుగా దాస్తుంది. డాకర్‌లోనైతే ఒకరు దించుకున్నది అందరికీ పనికొస్తుంది. ఇక్కడ ముప్పై మంది తలా నాలుగు ఇమేజ్‌లు దించితే 120 అయ్యాయి. లాగిన్ లేకుండా దించుకునేవాళ్లకు డాకర్ హబ్ పెట్టిన హద్దు ఒక ఐపీ అడ్రసుకు ఆరు గంటల్లో 100. కాలేజీ మొత్తానికి బయటికి కనబడే అడ్రసు ఒక్కటే. మొదటి రోజు క్లాసు సగంలోనే ఆగిపోయింది, సార్ నా వైపు చూశారు. తర్వాత ఇమేజ్‌లను ఒక్కసారే దించి, అందరూ చదవగలిగే ఒక ఫోల్డర్లో పెట్టి, స్టోరేజ్ కాన్ఫిగ్‌లో దాన్ని అదనపు ఇమేజ్ స్టోర్‌గా చూపించా. డిస్కూ మిగిలింది, హద్దు గొడవా పోయింది.

ఇక అంగడి సంగతి. అక్కడ పిల్లలూ లేరు, హ్యాకింగూ లేదు. ఉన్నదల్లా కరెంటు బాధ. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోతుంది, పాత యూపీఎస్ పది నిమిషాలకు చేతులెత్తేస్తుంది. కరెంటు వచ్చాక మామ ఏమీ ముట్టకుండానే బిల్లు రావాలి. బయాస్‌లో కరెంటు రాగానే మెషీన్ ఆన్ అయ్యేలా పెట్టా. కంటైనర్లకు 'అన్‌లెస్ స్టాప్డ్' (మనమే ఆపితే తప్ప మళ్లీ లేపు) అనే రీస్టార్ట్ పాలసీ ఇచ్చా. బూట్ అవగానే డాకర్ డీమన్ లేచి రెంటినీ లేపుతుంది. ల్యాబులో వద్దనుకున్న ఆ డీమనే ఇక్కడ కాపలాదారు.

పాడ్‌మ్యాన్‌తో ఇది కుదరదని కాదు. లేపేవాడు లేడు కాబట్టి ఆ పని లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి అప్పజెప్పాలి. వెర్షన్ 4.4 నుంచి క్వాడ్‌లెట్ అనే సౌకర్యం వచ్చింది. ఒక చిన్న ఫైలు రాస్తే కంటైనర్ ఒక సర్వీసులా నడుస్తుంది. యూజర్ లాగిన్ కాకపోయినా నడవాలంటే లింగర్ అనే సెట్టింగ్ కూడా ఆన్ చేయాలి. నిజం చెప్పాలంటే పద్ధతిగా చూస్తే ఇదే బాగుంటుంది. కానీ నేను ఊళ్లో లేనప్పుడు ఏదైనా ఆగితే మామ పిలిచేది పక్క వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి. అతనికి డాకర్ తెలుసు, క్వాడ్‌లెట్ తెలియదు. పైగా బిల్లు ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఇచ్చిందే డాకర్ కంపోజ్ ఫైలు (కంటైనర్లన్నిటినీ కలిపి నడిపే వివరాలు). అంగడికి డాకరే.

డాకర్ పెట్టేవాళ్లు రెండు చోట్ల జాగ్రత్త పడాలి. నేను యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసి ధీమాగా ఉన్నా. అంగడి వైఫైలో ఫోన్‌తో చూస్తే డేటాబేస్ పోర్టు బార్లా తెరిచి ఉంది! డాకర్ తన ఐపీటేబుల్స్ (లైనక్స్ నెట్‌వర్క్ వడపోత) రూల్స్ తానే రాసుకుంటుంది, యూఎఫ్‌డబ్ల్యూని అడగదు. పోర్టును 127.0.0.1కి (ఆ మెషీన్‌కి మాత్రమే కనబడే అడ్రసు) మాత్రమే కట్టండి. ఇంకా మంచిది, డేటాబేస్ పోర్టు బయటికి ఇవ్వకపోవడమే. కంపోజ్ నెట్‌వర్క్‌లో రెండు కంటైనర్లూ ఎలాగూ మాట్లాడుకుంటాయి. రెండోది లాగ్ ఫైళ్లు, అంటే కంటైనర్లు రాసుకునే రికార్డులు. వాటంతటవే వదిలేస్తే డిస్కు నిండేదాకా పెరుగుతాయి. డీమన్ కాన్ఫిగ్‌లో ఒక్కో ఫైలుకి పది ఎంబీ, మొత్తం మూడు ఫైళ్లు అని హద్దు పెట్టా.

ఇప్పుడు కాలేజీవాళ్లు పిల్లల లాగిన్లన్నీ ఒక సెంట్రల్ సర్వర్‌కి మారుస్తామంటున్నారు. అలా వచ్చే యూజర్లకు సబ్‌యూఐడీ ఫైలు దానంతటది నిండదు, అది లేకపోతే పాడ్‌మ్యాన్ సరిగ్గా నడవదు. స్క్రిప్టు రాసి పెట్టుకున్నా, వాళ్లు తేదీ చెప్పడమే ఆలస్యం.